ఇంట్లో గిటారు సాధన, రికార్డింగు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గిటారు వాయించేవారు కంప్యూటరులో ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలని అడుగుతూ వచ్చిన ఉత్తరాలకే ఈసారి శీర్షికను కేటాయించాం. ఒకే సందేహాన్ని పలువురు రాసినచోట వాటిని కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాం. ఉచితంగా దొరికేవి, కొనుక్కోవలసినవి రెండూ ప్రస్తావనకు వచ్చాయి గాని, ధరలు తరచూ మారుతుంటాయి కనుక వాటి జోలికి పోలేదు.

ప్రశ్న: కొంతకాలంగా అకూస్టిక్ గిటారు నేర్చుకుంటున్నాను. వాయించినది రికార్డు చేసుకుని తప్పులు దిద్దుకోవాలని ఉంది. తెలిసినవారిని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు. నా దగ్గర మామూలు విండోస్ ల్యాప్‌టాప్ ఉంది. సాధనకూ రికార్డింగుకూ కలిపి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి చెప్పగలరా?

జవాబు: ఒకే సాఫ్ట్‌వేర్‌తో రెండు పనులూ జరుపుకోవచ్చు గాని, ఎంచుకునే ముందు ఆ రెండింటినీ విడదీసి చూసుకోవడం మంచిది. సాధన చేసేటప్పుడు గిటారు ఒడిలోకి తీసుకున్న మరుక్షణం శ్రుతి చూసుకోవడానికి, లయ కొట్టే మెట్రోనోమ్ మోగించుకోవడానికి, కొరుకుడుపడని నాలుగు బార్లను, అంటే తాళపు ఆవర్తాలను, తిప్పి తిప్పి వినడానికి అంతా సిద్ధంగా ఉండాలి. రికార్డింగుకు ఆ తొందర ఉండదు. అక్కడ ఒక ట్రాకు మీద ఇంకొకటి పేర్చడం, తప్పిన చోట మాత్రమే మళ్లీ వాయించి అతికించడం, చివరకు అన్నిటి స్థాయులూ సరిచేయడం వంటివి సాఫీగా సాగాలి. మొదటి పనికి బరువైన రికార్డింగు సాఫ్ట్‌వేర్‌ను తెరుస్తూ కూర్చున్నవారు నెల తిరగకముందే దాన్ని తెరవడం మానేస్తారు.

మీకు పరిశీలించదగినవి రెండున్నాయి. మొదటిది ఆడాసిటీ. 2000లో తొలిసారి విడుదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది. ఎర్ర బటన్ నొక్కితే రికార్డవుతుంది, ఆపి వినవచ్చు. వాయించినది అప్పటికప్పుడు వినుకోవడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు. అయితే దాని అసలు బలం ధ్వనిని కత్తిరించడం, శుభ్రం చేయడం. మెట్రోనోమ్ కావాలంటే రిథమ్ ట్రాక్ అనే అంశంతో ముందుగా క్లిక్కుల ట్రాకు ఒకటి తయారుచేసుకోవాలి. మూడు గిటార్లు, డ్రమ్స్ కలిపి పాటను నిర్మించాలనుకున్నప్పుడు ఆ పద్ధతి విసుగు పుట్టిస్తుంది.

రెండవది రీపర్. పాటలు వినిపించే వినాంప్ సాఫ్ట్‌వేర్‌ను రూపొందించిన జస్టిన్ ఫ్రాంకెల్ స్థాపించిన కాకస్ సంస్థ దీన్ని తయారుచేస్తోంది. పూర్తి సాఫ్ట్‌వేర్‌ను, ఏ అంశమూ దాచకుండా, 60 రోజుల పాటు ఉచితంగా వాడి చూడనిస్తారు. నచ్చితే తరువాత లైసెన్సు తీసుకోవాలి. పాత కంప్యూటర్ల మీద కూడా చురుగ్గా నడుస్తుంది. దాని మెనూల పొడవు చూసి కొత్తవారు బెదిరిపోతుంటారు గాని, వాటిలో సగానికి పైగా మీరు ఎన్నడూ తెరవనక్కరలేదు. నా మొగ్గు రీపర్ వైపే. మొదటి రోజున ఒక గంట వెచ్చించి, గిటారుకు ఒక ట్రాకు, అసలు పాట పెట్టుకోవడానికి ఇంకొక ట్రాకు సృష్టించి, గిటారు ట్రాకును రికార్డింగుకు సిద్ధంగా ఉంచి, మెట్రోనోమ్ ఆన్ చేసి, దాన్ని ప్రాజెక్టు టెంప్లేట్‌గా భద్రపరచండి. రీపర్ తెరిచినప్పుడల్లా ఆ టెంప్లేటే ముందుకు వచ్చేలా అమర్చుకుంటే సాధనకు కూడా అదే సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌కు సంబంధం లేని జాగ్రత్తలు రెండు కూడా చెప్పాలి, ఎందుకంటే వీటిని పట్టించుకోనివారు తప్పును సాఫ్ట్‌వేర్ మీదకు నెడుతుంటారు. ల్యాప్‌టాపులోని మైకు మాటల కోసం అమర్చినది. విండోస్‌లో లేదా తయారీదారు ఇచ్చిన ఆడియో సాఫ్ట్‌వేర్‌లో రొదను తగ్గించే అంశం ఆన్‌లో ఉంటే, సాగుతూ తగ్గే గిటారు నాదాన్ని అది ఫ్యాను చప్పుడుగా భావించి మింగేస్తుంది. తీగ మీటినప్పుడు బాగానే వినిపించి, రెండో క్షణానికి నాదం మాయమవుతోందంటే కారణం చాలావరకు అదే. సౌండ్ సెట్టింగుల్లో మైకుకు సంబంధించిన మెరుగుదలలన్నీ ఆపేయండి. ఇక విడి మైకు కొన్నప్పుడు దాన్ని గిటారు మధ్యనున్న రంధ్రానికి ఎదురుగా పెట్టకండి, అక్కడ మంద్రధ్వని గుమ్మని మోగి మిగతాదంతా మసకబారుతుంది. మెడ, డొక్క కలిసే చోట, అంటే పన్నెండో ఫ్రెట్ (మెట్టు) దరిదాపుల్లో, జానెడు నుంచి జానెడున్నర దూరాన పెట్టి వినండి, తరువాత మీ గిటారుకు తగినట్టు జరుపుకోండి.

మ్యాక్ కంప్యూటర్లు వాడేవారు ఇంత ఆలోచించనక్కరలేదు. ఆపిల్ సంస్థ 2004లో తెచ్చిన గ్యారేజ్‌బ్యాండ్ వారికి ఉచితంగా వస్తుంది. అందులో ట్యూనరు, గిటారు యాంప్లిఫయర్లను అనుకరించే యాంప్ నమూనాలు, పాటకు తగినట్టు వాయించే డ్రమ్మర్ కూడా ఉంటాయి. అది చాలదనిపించిన నాడు అదే ప్రాజెక్టును ఆపిల్ వారి పెద్ద రికార్డింగు సాఫ్ట్‌వేర్ లాజిక్ ప్రోలో తెరుచుకోవచ్చు.

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ గిటారును చిన్న అడాప్టరు సాయంతో ల్యాప్‌టాపు మైకు సాకెట్‌కు కలిపాను. ఉచితంగా దొరికిన యాంప్ సాఫ్ట్‌వేర్‌లో వాయిస్తుంటే, మీటిన కాసేపటికి గాని శబ్దం రావడం లేదు. వచ్చినది కూడా పల్చగా, పదును లేకుండా ఉంటోంది. డబ్బు పెట్టి మంచి సాఫ్ట్‌వేర్ కొంటే ఈ బాధ తప్పుతుందా?

జవాబు: తప్పదు. మీరు చెప్పిన రెండు లోపాలకూ సాఫ్ట్‌వేర్ కారణం కాదు, అవి రెండూ గిటారుకూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్యనున్న దారిలో పుడుతున్నవి. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా ఆ దారి మారనంతకాలం ఇవే ఫిర్యాదులు మిగులుతాయి.

ముందు పదును సంగతి చూద్దాం. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్ నుంచి వచ్చే సంకేతం బలహీనమైనది; దాన్ని అందుకునే ఇన్‌పుట్ అవరోధం (ఇంపెడెన్స్) చాలా ఎక్కువగా, సుమారు పది లక్షల ఓములు, అంటే ఒక మెగాఓమ్ ఉండాలి. ల్యాప్‌టాపు మైకు సాకెట్ అవరోధం సాధారణంగా కొన్ని వేల ఓములకు మించదు. ఆ తేడా వల్ల పికప్ మీద భారం పడి పై స్థాయి ధ్వనులు ముందే కుంగిపోతాయి. అలా పోయినదాన్ని తరువాత ఈక్వలైజరుతో లేపబోతే రొద తప్ప ఏమీ లేవదు. గిటారును కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే యూఎస్‌బీ పెట్టె మీద 'ఇన్‌స్ట్రుమెంట్' అనో 'హై-జెడ్' అనో గుర్తు ఉండేది ఈ అవసరం కోసమే. ఇన్‌పుట్ ఒకటే ఉన్న అతి చిన్న పెట్టె అయినా మీకు చాలు. సాఫ్ట్‌వేర్ కోసం దాచిన డబ్బును ముందుగా దీనిమీద పెట్టండి. పైగా ఇలాంటి పెట్టెలతో పాటు ఏదో ఒక రికార్డింగు సాఫ్ట్‌వేర్ పరిమిత రూపం ఉచితంగా రావడం కూడా పరిపాటి.

ఇక ఆలస్యం, వాడుకలో లేటెన్సీ అంటున్నది. కంప్యూటరు ధ్వనిని ధారగా కాక ముక్కలు ముక్కలుగా అందుకుంటుంది. ఒక్కో ముక్కలో ఎన్ని శాంపిళ్లు, అంటే ధ్వనిని కొలిచిన అంకెలు, ఉండాలో బఫర్ పరిమాణం చెబుతుంది. సెకనుకు 44,100 శాంపిళ్ల చొప్పున రికార్డు చేస్తున్నప్పుడు, 1024 శాంపిళ్ల బఫర్ నిండడానికి 23 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది; 256 అయితే 5.8, 128 అయితే 2.9. లోపలికి రావడానికి ఒక బఫరు, బయటకు పోవడానికి ఇంకొకటి కావాలి కనుక ఈ అంకెలను రెట్టింపు చేసి, డ్రైవరూ ఇంటర్‌ఫేసూ తినే మరికొంత కాలాన్ని కలుపుకోవాలి. అంటే 1024 దగ్గర మీకు కనీసం 46 మిల్లీసెకన్ల ఆలస్యం తప్పదు. ఆ స్థితిలో వాయించడం, మన గొంతు మనకే ఆలస్యంగా తిరిగి వినిపించే ఫోనులో మాట్లాడినట్టే ఉంటుంది. లయ తప్పకుండా ఎవరూ వాయించలేరు. అలాగని సున్నా కోసం తపించనక్కరలేదు. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది కనుక, వేదిక మీద యాంప్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడినవారికి కూడా సుమారు 9 మిల్లీసెకన్ల ఆలస్యంతోనే వినిపిస్తుంది, ఆ సంగతి వారెవరికీ తెలియదు. మొత్తం పది పన్నెండు మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలామందికి ఇబ్బంది ఉండదు.

విండోస్‌లో ఈ అంకెకు చేరాలంటే ఆసియో డ్రైవరు కావాలి. స్టైన్‌బర్గ్ సంస్థ రూపొందించిన ఈ పద్ధతి విండోస్ సొంత ఆడియో దారిని పక్కనబెట్టి, సాఫ్ట్‌వేర్‌ను నేరుగా పరికరంతో మాట్లాడనిస్తుంది. మీ ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఆసియో డ్రైవరు ఉంటే దాన్నే వాడండి. లేనివారికి ఆసియో4ఆల్ అనే ఉచిత డ్రైవరు ఉంది. విండోస్‌లో ముందే ఉన్న డ్రైవరు మీద అది తొడుగులా పనిచేస్తుంది, కొన్ని ల్యాప్‌టాపుల్లో ఆశ్చర్యపోయేంత మేలు చేస్తుంది, కొన్నింటిలో శబ్దమే రాకుండా చేస్తుంది. ఆడాసిటీకి లైసెన్సు చిక్కుల వల్ల ఆసియో సౌకర్యం చాలాకాలం అందలేదు. ఎలక్ట్రిక్ గిటారువారికి నేను దాన్ని ముందుగా సూచించకపోవడానికి ఇదొక కారణం.

మీ యంత్రంలో రికార్డయిన ట్రాకు నిజంగా ఎంత వెనకబడుతోందో సాఫ్ట్‌వేర్ చూపించే అంకెను నమ్మకుండా మీరే కొలుచుకోవచ్చు. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ నుంచి ఇన్‌పుట్‌కు ఒక వైరు కలపండి. స్పీకర్లు, హెడ్‌ఫోన్లు తీసేసి, ఇన్‌పుట్ ధ్వని మళ్లీ అవుట్‌పుట్‌కు పోకుండా మానిటరింగ్ ఆపండి, లేకపోతే ఊళ పుడుతుంది. మొదటి ట్రాకులో ఒకే ఒక క్లిక్ ఉంచి దాన్ని మోగిస్తూ రెండో ట్రాకులో రికార్డు చేయండి. ఆపిన తరువాత రెండు గీతలనూ బాగా పెద్దవి చేసి చూస్తే, ఒకే క్లిక్ రెండుచోట్ల కనిపిస్తుంది. రెండింటి మధ్య 441 శాంపిళ్ల ఎడం ఉందంటే, 44,100 రేటు మీద అది సరిగ్గా 10 మిల్లీసెకన్లు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను సర్దిన తరువాత మిగిలిన తేడా ఇది. రికార్డింగు సెట్టింగుల్లో ఈ అంకెను సవరణగా ఇచ్చుకుంటే, మీరు లయలోనే వాయించినా ట్రాకు వెనకబడుతోందన్న అనుమానం తీరిపోతుంది. ఆడాసిటీలో ఈ సవరణ తయారీ నుంచే మైనస్ 130 మిల్లీసెకన్లుగా పెట్టి ఉంటుంది. అది అందరి యంత్రాలకూ కుదిరే అంకె కాదు కనుక అక్కడ ఈ కొలత మరింత అవసరం.

రికార్డింగు అయిపోయి మిక్సింగుకు కూర్చున్నాక బఫర్‌ను మళ్లీ 1024కు పెంచేయండి. అప్పుడు ఆలస్యంతో పనిలేదు, ప్రాసెసరుకు ఊపిరి అందుతుంది. ఇంకొక్క మాట: బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో ఇవేమీ ఫలించవు. వాటిలో వంద మిల్లీసెకన్లు దాటే ఆలస్యం మామూలు. వైరున్న హెడ్‌ఫోనే వాడాలి.

ప్రశ్న: పాటల్లోని గిటారు సోలోలను విని పట్టుకోవాలని ప్రయత్నిస్తున్నాను. వేగం తగ్గించి వినిపించే సాఫ్ట్‌వేర్‌లలో ఏది మేలు? గిటారును మాత్రమే విడదీసి ఇచ్చేవి కూడా వచ్చాయని విన్నాను. ట్యాబ్ (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో అంకెల్లో చూపే రాత) చూసి నేర్చుకోవడం కన్నా ఇది మంచిదేనా?

జవాబు: గ్రామఫోను రికార్డుల కాలంలో నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన రికార్డును 16⅔ చుట్ల వేగంలో తిప్పి వినేవారు. వేగం సగమయ్యేది, దాంతోపాటు శ్రుతి కూడా సరిగ్గా ఒక స్థాయి దిగిపోయేది. శ్రుతి చెదరకుండా కాలాన్ని మాత్రమే సాగదీసే పద్ధతుల్లో ప్రసిద్ధమైన ఫేజ్ వోకోడర్‌ను బెల్ ల్యాబ్స్‌లో ఫ్లానగన్, గోల్డెన్ 1966లో ప్రకటించారు. ఇవాళ ఈ పని చేయని సాఫ్ట్‌వేర్ అరుదు. ట్రాన్స్‌క్రైబ్, ఎనీట్యూన్, అమేజింగ్ స్లో డౌనర్ వంటివి దీనికోసమే పుట్టాయి. రీపర్‌లో కూడా ప్లే రేటు మారినా శ్రుతిని కాపాడే అంశం ఉంది, కనుక ఇప్పటికే అది వాడుతున్నవారు కొత్తది వెతుక్కోనక్కరలేదు. ఎక్కువసేపు ఈ పనిమీదే గడిపేవారికి మాత్రం ట్రాన్స్‌క్రైబ్ సుఖంగా ఉంటుంది, ఎందుకంటే అందులో బార్లకు, పాట భాగాలకు గుర్తులు పెట్టుకుని ఒక్క మీటతో అక్కడికి దూకవచ్చు. ఆ సౌకర్యం చిన్నదిగా కనిపించినా, ఒకే చోటుకు వందసార్లు తిరిగి రావలసిన పనిలో అదే అసలు సౌకర్యం.

ఏది వాడినా వేగాన్ని సగానికి మించి తగ్గించకండి. అంతకన్నా తగ్గిస్తే ప్లెక్ట్రమ్ తీగను తాకిన చప్పుడు రెండుసార్లు తాకినట్టు చెదిరిపోతుంది, తీగను సాగదీసిన చోట్ల అసలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. నూటికి అరవై, డెబ్బై పాళ్ల వేగంలో, ఒకేసారి రెండు బార్లు మాత్రమే తీసుకుని, ముందు గొంతుతో పాడగలిగేదాకా వినండి. గిటారు ఆ తరువాత ముట్టుకోండి. పాడలేని స్వరాలను వేళ్లతో వెతకడం మొదలుపెడితే, దొరికినది సరైనదో కాదో చెప్పే ఆధారం మీ దగ్గర ఉండదు.

విడదీసే సాఫ్ట్‌వేర్‌ల విషయానికి వస్తే, డీజర్ సంస్థ 2019లో బహిరంగంగా విడుదల చేసిన స్ప్లీటర్, మెటా సంస్థ పరిశోధకుల డీమక్స్, ఫోనులోనూ నడిచే మొయిసెస్ బాగా ప్రచారంలో ఉన్నాయి. స్ప్లీటర్ అయిదు భాగాలుగా విడదీసినప్పుడు వచ్చేవి గాత్రం, డ్రమ్స్, బేస్, పియానో, మిగతావి. గిటారు ఆ చివరిదానిలో కీబోర్డులతో, వయొలిన్లతో కలిసి పోతుంది. డీమక్స్‌లో గిటారును విడిగా ఇచ్చే నమూనా ఒకటి ఉంది. రెండు గిటార్లు కలిసి వాయించిన పాటలో ఆ రెంటినీ విడదీయమని వీటిని అడిగి లాభం లేదు. నిజానికి వీటి గొప్ప ఉపయోగం వేరొకటి: గిటారును తీసేసి, మిగిలిన వాద్యబృందంతో కలిసి మీరు వాయించుకోవచ్చు.

ట్యాబ్ చెడ్డదేమీ కాదు, వేళ్లను ఎక్కడ పెట్టాలో అది చెప్పినంత సూటిగా మరేదీ చెప్పదు. అరోబాస్ సంస్థ 1997 నుంచి తెస్తున్న గిటార్ ప్రో ఈ రంగంలో వాడుకగా స్థిరపడింది. దాని ఫైళ్లను ఉచితంగా తెరిచి వినడానికి టక్స్‌గిటార్ చాలు. స్వరలిపి అందంగా అచ్చు తీసుకోవాలంటే మ్యూజ్‌స్కోర్ మేలు. అయితే ఎవరో అభిమాని రాసిపెట్టిన ట్యాబ్‌లో స్వరం సరైనదే అయినా తీగ వేరై ఉండటం తరచూ కనిపిస్తుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర మందపు తీగ మీద వాయించిన స్వరాన్ని కింది ఫ్రెట్లలో సన్నని తీగ మీద రాసేస్తారు, దాంతో నాదం గుణమే మారిపోతుంది. మీ చెవి ఒకటి, ట్యాబ్ ఇంకొకటి చెబుతుంటే చెవి పక్షం వహించండి.

ప్రశ్న: మా పదేళ్ల అమ్మాయి ఫోను యాప్‌లో గిటారు నేర్చుకుంటోంది. సరిగా వాయిస్తే పచ్చ, తప్పితే ఎరుపు చూపిస్తుంది. రోజూ మార్కులు పెరుగుతున్నాయి గాని, వింటుంటే వాయిద్యం మెరుగైనట్టు మాకు అనిపించడం లేదు. గురువు లేకుండా యాప్‌తోనే సాగించవచ్చునా?

జవాబు: మీ చెవి మిమ్మల్ని మోసం చేయడం లేదు. యూసిషియన్, రాక్‌స్మిత్ వంటివి ముఖ్యంగా పట్టుకునేవి రెండు: ఏ స్వరం మోగింది, ఎప్పుడు మోగింది. తీగ ఫ్రెట్‌కు సరిగా ఆనక బుర్రుమన్నా, పక్క తీగ అనవసరంగా మోగినా, ఎడమచేతి బొటనవేలు బిగుసుకుపోయినా పచ్చరంగు వెలగవచ్చు. పైగా మందపు తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తుంది, అంటే ఒక్క కంపనానికే 12 మిల్లీసెకన్లు. స్వరాన్ని నిర్ణయించడానికి ఏ సాఫ్ట్‌వేర్‌కైనా అలాంటివి కనీసం రెండు మూడు కావాలి. అందుచేత యాప్‌లు లయలో కొంత వెసులుబాటు ఇచ్చి తీరాలి, ఆ వెసులుబాటులోనే పిల్లల లయ జారిపోతుంది.

అలాగని యాప్‌ను తీసేయమని చెప్పను. గిటారు తీయమని పోరవలసిన వయసులో అది పాపను గిటారు దగ్గర కూర్చోబెడుతోంది, అది చిన్న మేలేమీ కాదు. వారానికి ఒకసారి, యాప్‌లో పచ్చగా వచ్చిన పాటనే, తెర చూడకుండా, మెట్రోనోమ్ మాత్రమే పెట్టుకుని వాయించమనండి. ఫోనులోనే రికార్డు చేసి ఇద్దరూ కలిసి వినండి. ఎరుపు పచ్చల కన్నా ఆ రికార్డింగే పాపకు ఎక్కువ నేర్పుతుంది. కూర్చునే తీరు, మణికట్టు వంపు మాత్రం కంటితో చూసి దిద్దేవారు ఒకరు ఉండాలి. నెలకు రెండు పాఠాలైనా సరే, మనిషి దగ్గర చెప్పించండి.

ప్రశ్న: యాంప్ సాఫ్ట్‌వేర్‌లలో ఉచితమైనవి, కొనవలసినవి ఒకేలా వినిపిస్తాయా? నేను దింపుకున్న ఉచిత నమూనా కందిరీగ రొదలా ఉంది.

జవాబు: ఆ రొదను బట్టి చూస్తే మీరు క్యాబినెట్‌ను, అంటే స్పీకరు పెట్టెను, వదిలేసినట్టున్నారు. గిటారు యాంప్‌లలోని పన్నెండు అంగుళాల స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ పైనున్న ధ్వనులను గట్టిగా అణిచేస్తుంది. మనకు అలవాటైన గిటారు గొంతులో సగం ఆ స్పీకరుదే. న్యూరల్ యాంప్ మోడలర్ వంటి ఉచిత ప్లగిన్‌లో (రికార్డింగు సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) చాలా నమూనాలు యాంప్ వరకే ఉంటాయి, స్పీకరు భాగం ఉండదు. దాని తరువాత ఏదో ఒక క్యాబినెట్ ఇంపల్స్ రెస్పాన్స్ ఫైలును, అంటే స్పీకరు ధ్వని గుణాన్ని నమోదు చేసిన ఫైలును, జోడించి వినండి. అప్పుడు కూడా నచ్చకపోతే డిస్టార్షన్ మీటను సగానికి తిప్పండి, రికార్డింగులో మనం ఊహించినదాని కన్నా తక్కువే చాలు.

ఇలా జతపరిచాక ఉచితమైనవాటికీ ఆంప్లిట్యూబ్, గిటార్ రిగ్, న్యూరల్ డీఎస్‌పీ వంటి కొనుగోలు ప్లగిన్లకూ నాదంలో ఉన్న తేడా అభిరుచికి సంబంధించినదే. కొన్నవాటిలో అన్నీ ముందే అమర్చి ఉంటాయి, కాలం కలిసివస్తుంది. కొనే ముందు వాటి ట్రయల్ రూపాలను తప్పక వాడి చూడండి. నమూనాల పోగు పెంచుకోవడం మాత్రం సాధనను తినేసే జబ్బు. శుభ్రమైన ధ్వని ఒకటి, కరుకైనది ఒకటి ఎంచుకుని కొన్ని నెలలు వాటితోనే ఉండండి.

ప్రశ్న: లినక్స్ వాడేవారికి దారి ఉందా?

జవాబు: ఉంది. ఆర్డర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ లినక్స్‌లోనే పెరిగి పెద్దదైంది, రీపర్‌కూ లినక్స్ రూపం ఉంది. ఆలస్యం తగ్గించడానికి జాక్ అనే ఆడియో వ్యవస్థ గాని, కొత్త పంపిణీల్లో దాని పనిని కూడా చూసుకునే పైప్‌వైర్ గాని వాడండి. ఇంటర్‌ఫేస్ కొనే ముందు అది ప్రత్యేక డ్రైవరు లేకుండా పనిచేసే యూఎస్‌బీ ప్రమాణానికి చెందినదో కాదో చూసుకోండి.

ప్రశ్న: ఇప్పుడు వాడుతున్న రికార్డింగు సాఫ్ట్‌వేర్‌ను మార్చాలనుకుంటున్నాను. పాత ప్రాజెక్టులు కొత్తదానిలో తెరుచుకుంటాయా? పైగా నా రికార్డింగులు ఇతరుల పాటల కన్నా చాలా తక్కువ శబ్దంతో, మెల్లగా వినిపిస్తాయి. కొత్తది దాన్ని సరిచేస్తుందా?

జవాబు: మెల్లగా వినిపించడం రికార్డింగులో లోపం కాదు. 24 బిట్లలో రికార్డు చేసేటప్పుడు గట్టిగా మీటిన చోట కూడా స్థాయి మైనస్ 12 డెసిబెల్ల దగ్గర ఆగేలా గెయిన్ పెట్టుకోవడమే సరైన పద్ధతి. సున్నాను తాకితే ధ్వని చిట్లుతుంది, ఆ చిట్లినదాన్ని బాగుచేయడం దాదాపు అసాధ్యం. విడుదలైన పాటలను చివరి దశలో ధ్వని హెచ్చుతగ్గులను అదిమే కంప్రెసర్, లిమిటర్లతో పైకి లేపుతారు. స్పాటిఫై వంటివి మళ్లీ వాటన్నిటినీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే బిగ్గరతనానికి కొలమానం) స్థాయికి సరిచేసి వినిపిస్తాయి కనుక, హద్దులు దాటి లేపినవారికి అక్కడ ఒరిగేదేమీ లేదు. ఈ పరికరాలు మీ పాత సాఫ్ట్‌వేర్‌లో కూడా ఉండే ఉంటాయి, దీనికోసం మార్చనక్కరలేదు.

వేరే కారణంతో మారాలనుకుంటే, ఒకరి ప్రాజెక్టు ఫైలు సాధారణంగా ఇంకొకరి దానిలో తెరుచుకోదన్నది ముందే తెలిసి ఉండాలి. ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ను తయారీదారు నిలిపివేయడం కూడా ఈ రంగంలో జరుగుతూ ఉంటుంది. పాత సాఫ్ట్‌వేర్ మీ దగ్గర పనిచేస్తుండగానే, ప్రతి ప్రాజెక్టులోని ప్రతి ట్రాకునూ విడివిడిగా వేవ్ ఫైలుగా తీసి ఉంచండి. గిటారు మూడో నిమిషంలో గాని మొదలు కాకపోయినా ప్రతి ఫైలూ పాట ఆరంభం నుంచే మొదలవ్వాలి, అప్పుడే కొత్తదానిలో అన్నిటినీ ఎడమ అంచుకు చేర్చగానే ఒకదానితో ఒకటి సరిపోతాయి. సెకనుకు 48,000 శాంపిళ్లతో, 24 బిట్లలో ఉన్న మోనో ట్రాకు నిమిషానికి 8.6 మెగాబైట్ల చోటు తీసుకుంటుంది. డిస్కులో చోటు కలిసివస్తుందని ఎంపీ3గా మార్చకండి. యాంప్ ప్లగిన్ వాడిన ట్రాకులను ప్లగిన్ కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి, రెండు విధాలా దాచండి, ఆ ప్లగిన్ కొత్త కంప్యూటరులో నడవని రోజు రావచ్చు. చివరగా, వేవ్ ఫైళ్లున్న ఫోల్డరు పేరులోనే పాట టెంపోను రాసి పెట్టండి. అది తెలియకపోతే కొత్త ప్రాజెక్టులో మెట్రోనోమ్ ఒకదారిన, మీ గిటారు ఇంకొకదారిన పోతాయి.